ముప్పావలా

నా కూలిలో నూటికి ముప్పావలా కోస్తారు.
పన్నెండేళ్ళుగా కోస్తానే ఉండారు,
రొయ్య తల గిల్లినంత సులువుగా.

కోవూరు దాటినాక అల్లూరు పోయే దారిలో మా షెడ్డు.
ఐసు నీళ్ళలో చేతులు, బ్లీచింగు వాసన.
గ్లౌజు చిల్లులోంచి ముల్లు దిగినా
మధ్యాన్నం దాకా తెలీదు.
అట్టాంటి చేతులతోనే నిన్న ఫారం పట్టుకున్నా.

ఆపీసులో సుహాసిని మేడం మంచిదే.
నా ఈఎస్సై కార్డు కంప్యూటర్లో తెరిచి
"కామాక్షమ్మా, నీకు మొగుడు ఉండాడే ఇందులో" అనింది.

ఉండాడు.
మస్తానయ్య, వయసు నలభై తొమ్మిది.
నాయుడుపేట బస్సెక్కి పందొమ్మిదేళ్ళయింది.
పన్లో చేరిన రోజు రేషను కార్డు చూసి
ఎవరో రాసేసుకున్నారు, నన్ను అడగలా.

ఆయనకి రాళ్ళొస్తే తీస్తారు.
పన్ను పుచ్చితే పీకుతారు.
గుండె పట్టేస్తే తిరుపతి పంపించి
స్టెంటు కూడా వేయిస్తారు, నా ముప్పావలాతో.
ఏ ఊళ్ళో ఉండాడో,
ఈ సంగతి తెలీదు పాపం.

మాలకొండయ్య పేరు మాత్రం యాడా లేదు.
ఎనిమిదేళ్ళుగా నా గడప ముందు చెప్పులు విడిచే మనిషి.
బియ్యం మిల్లులో ఆయన పేరు రాసుకోరు,
బస్తాలు మాత్రం లెక్క పెడతారు.
మోసి మోసి పొత్తికడుపులో నిమ్మకాయంత లేచింది,
ఇప్పుడది బత్తాయి.
దగ్గితే బయటికొస్తాది, పడుకుంటే లోపలికి పోతాది,
అద్దె బాకీ పడ్డోడి మాదిరి.
హెర్నియా, కోసి కుట్టాలన్నాడు నెల్లూరు డాక్టరు.
అరవై వేలు.

కార్డులో ఉండేవాడు ఇంట్లో లేడు.
ఇంట్లో ఉండేవాడు కార్డులో లేడు.
మేడం నవ్వింది. నేనూ నవ్వినా.
కాసేపటికి ఇద్దరం ఆపేసినాం.

"తాళి కట్టించుకోరాదా" అనింది.
"రిజిస్ట్రారు కాయితం ఒకటి తెస్తే చాలు, పేరు మార్చేస్తా."
తాళి ఉంది మేడం.
మస్తానయ్య కట్టిందే, కుదవలో ఉంది.
మిల్లు మెట్ల మీద మాలకొండయ్య కాలు విరిగినప్పుడు
దాంతోనే కట్టు కట్టించినా.

విడాకులకి ఆయన రావాలంట.
రాకపోతే, ఏడేళ్ళు ఎవరికీ కనబడకపోతే
చచ్చినట్టు కోర్టులో రాయించుకోవచ్చంట.
వకీలు గుమాస్తా టీ ఊదుకుంటా చెప్పినాడు,
బస్సు టైము చెప్పినట్టు.

రాత్రి కంచాల ముందు ఆ మాటే ఎత్తినా.
పులుసులో మామిడికాయ ముక్క పక్కకి పెట్టి
మాలకొండయ్య చాలాసేపు మాట్లాడలా.
"ఆయన నన్నేం చేసినాడు" అన్నాడు చివరికి.
"యాడో అన్నం తింటా ఉంటాడు. తిననీ."

నాకు కోపమొచ్చింది.
అన్నం తినకుండా పోయింది నేను కదా ఆ రెండేళ్ళు.
ఆయన్ని చంపడానికి నాకుండే హక్కు
నీకెందుకుంటాదని అరిచినా.
అరిస్తే ఆయన నవ్వినాడు, నవ్వితే గడ్డ లేచింది.

వీధిలో మమ్మల్ని ఏమనాలో ఎవరికీ తెలీదు.
నన్ను ఆయమ్మ అంటారు, ఆయన్ని ఆయన అంటారు,
సర్దుకుంటారు.
ఫారంలో గడి మాత్రం
అగ్గిపెట్టంత. ఒక్క మాటే పడతాది.

లైటు తీసినాక బెల్టు విప్పి
ఆయన వెల్లకిలా పడుకుంటాడు.
నేను చెయ్యేసి మెల్లగా లోపలికి నొక్కుతా.
పొద్దంతా ఐసులో నానిన చెయ్యి,
రాత్రి పదికి కూడా వేడెక్కదు.
"హాయిగా ఉంది, తీయబాక" అంటాడు.

కంపెనీ చలవ
అంతవరకే చేరింది ఆయనకి.

ఫారం బియ్యం డబ్బా మూత కింద ఉంది.
శనివారం దాకా గడువు.